నీటిని బట్టి దోమ: కోలారు సీమలో జ్వరాల భూగోళం

ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని కోలారు జిల్లాలో, నీటిలో తప్ప పుట్టలేని దోమ ఇన్ని రకాల జ్వరాలను మోసుకురావడం మొదటి చూపులో వింతగా తోస్తుంది. పాలారు, దక్షిణ పినాకిని వానలు పడినప్పుడే పారే నదులు. సగటు వర్షపాతం 700 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బోరుబావులు వెయ్యి అడుగులు దాటి దిగినా నీటిజాడ దొరకని ఊళ్లు అనేకం. అయినా గత యాభై ఏళ్లలో మెదడువాపు జ్వరం, మలేరియా, చికున్‌గన్యా, డెంగీ ఈ సీమను ఒకదాని వెనుక ఒకటిగా పీడించాయి. ఈ వరుసలో ఒక క్రమం ఉంది. చెరువు, బావి, డ్రమ్ము, సంపు అంటూ జనం నీటిని నిలుపుకొనే చోటు మారినప్పుడల్లా ఆ నీటిలో పుట్టే దోమ జాతి కూడా మారింది, దోమతో పాటు జ్వరం మారింది. కోలారులోను, గనుల ఊరైన కేజీఎఫ్‌లోను, మాలూరు తాలూకాలోని మాస్తిలోను నేడు వీధివీధినా కనిపించే డెంగీ ఈ వరుసలో తాజా అధ్యాయం మాత్రమే.

దోమ జీవితంలో గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల దోమ అనే నాలుగు దశలున్నాయి. లార్వా అంటే నీటిలో తోక ఆడిస్తూ తిరిగే పిల్లపురుగు. అది నాలుగుసార్లు కుబుసం విడిచి, కామా గుర్తులా వంగిన ప్యూపాగా మారుతుంది. ప్యూపా ఏమీ తినదు, నీటి ఉపరితలాన్ని అంటిపెట్టుకొని రెండు రోజులుంటుంది; ఆ పైన దాని వీపు చీలి రెక్కల దోమ బయటికి వస్తుంది. వెచ్చని కాలంలో గుడ్డు నుంచి రెక్కల దోమ వరకు ఎనిమిది నుంచి పది రోజులు చాలు; కోలారు సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉండడం వల్ల పుష్య మాఘాల చలిలో ఈ ఎదుగుదల నెమ్మదిస్తుంది. ఆడ, మగ దోమలు రెండింటికీ ఆహారం పూల తేనె, మొక్కల రసాలే. గుడ్లను పండించుకోవడానికి కావలసిన మాంసకృత్తుల కోసం ఆడదోమ మాత్రమే రక్తం తాగుతుంది. ఒక రోగి రక్తంలోని క్రిమి మరొకరికి చేరేది ఆ మాతృత్వపు అవసరం వల్లనే.

అయితే ‘దోమ’ అన్న ఒక్క మాట కింద ఎంతో భిన్నమైన ప్రాణులు ఒదిగి ఉన్నాయి. మలేరియాను మోసే ఎనాఫిలిస్ జాతులు ఎక్కువగా శుభ్రమైన నీటిని కోరుకుంటాయి. వాటి లార్వా నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకుంటుంది. క్యూలెక్స్ గుడ్లు చిన్న తెప్పలా ఒకదానికొకటి అతుక్కొని తేలుతాయి. ఆ జాతిలో కొన్ని మురుగు కాలువల్లో, మరికొన్ని వరిమడుల్లో పెరుగుతాయి. డెంగీని, చికున్‌గన్యాను మోసే ఈడిస్ ఈజిప్టై నల్లని ఒంటి మీద తెల్లని గీతలున్న పగటి దోమ. అది చెరువును గాని మురుగు కాలువను గాని పెద్దగా కోరదు, మనిషి తన ఇంట్లో పట్టి ఉంచుకొన్న నీటినే వెతుక్కుంటుంది. ఈ తేడా తెలియకుండా సాగించే దోమల నివారణ గురి చూడని బాణం వంటిది. డెంగీ వచ్చిందని ఊరి చివరి మురుగు కాలువలో మందు చల్లితే చచ్చేది క్యూలెక్స్, బతికిపోయేది ఈడిస్.

ఈ సీమలో చెరువునీటి దోమ కథ ముందుగా చెప్పుకోవాలి. తరతరాలుగా తవ్వుకొన్న వేలాది చెరువులు, వాటి కింద సాగైన వరిమడులు క్యూలెక్స్ విష్ణుయి, క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ అనే దోమలకు నెలవులు. ఇవి ప్రధానంగా పశువుల రక్తం తాగే దోమలు. సంధ్యవేళ పశువుల కొట్టాల చుట్టూ ముసురుతాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జ్వరపు వైరస్ కొంగల వంటి నీటిపక్షుల్లో, పందుల్లో వృద్ధి చెంది, వాటిని కుట్టిన దోమ ద్వారా ఎప్పుడో ఒకప్పుడు మనిషికి, ముఖ్యంగా పిల్లలకు చేరుతుంది. మనిషి రక్తంలో ఆ వైరస్ మరో దోమకు అంటుకొనేంతగా పెరగదు గనుక దాని ప్రయాణం మనిషి దగ్గరే ఆగిపోతుంది. పిల్లవాడి ప్రాణం మాత్రం ప్రమాదంలో పడుతుంది. భారతదేశంలో ఈ వ్యాధిని మొట్టమొదట 1955లో, కోలారుకు పొరుగునే ఉన్న వేలూరులో గుర్తించారు. 1970ల చివర్లోను, 1980ల తొలి ఏళ్లలోను అది, నేటి చిక్కబళ్లాపురం కూడా కలిసి ఉన్న నాటి కోలారు జిల్లాలో విజృంభించినప్పుడు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు ఇక్కడి దోమల నుంచి, చనిపోయిన రోగుల నుంచి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌ను, దానితో పాటు వెస్ట్ నైల్ వైరస్‌ను కూడా వేరుచేశారు. కోలారు రోగి నుంచి వేరుచేసిన ఆ మెదడువాపు వైరస్ రకాల్లో ఒకటి ‘కోలార్ 821564 ఎక్స్‌వై’ అన్న పేరుతో ప్రయోగశాలల్లో నిలిచింది. 2013లో హైదరాబాదులోని భారత్ బయోటెక్ విడుదల చేసిన జెన్‌వ్యాక్ టీకా ఆ రకం నుంచే తయారయింది. బంగారానికి పేరు పొందిన కోలారు పేరు ఈ విధంగా పిల్లల ప్రాణాలు కాపాడే టీకా పుట్టుపూర్వోత్తరాల్లోనూ చేరడం ఇక్కడి వాళ్లలో ఎందరికో తెలియని విషయం. తెలిసి తీరవలసిన విషయం కూడా.

బావినీటి దోమ కథ దీనికి భిన్నమైనది. దక్షిణ భారత గ్రామాల్లో మలేరియాను ప్రధానంగా మోసే ఎనాఫిలిస్ క్యూలిసిఫేసీస్ వాడకం తగ్గిన దిగుడు బావుల్లో, కుంటల్లో బాగా పెరుగుతుంది. మామూలుగా ఇటువంటి ఊళ్లలో ఇళ్ల గోడలకు క్రిమిసంహారక మందు కొడతారు. రక్తం తాగి బరువెక్కిన దోమ గోడ మీద వాలినప్పుడు ఆ మందు తగిలి చస్తుంది. కాని బంగారుపేట తాలూకా కామసముద్రం చుట్టుపక్కల ఊళ్లలో ఈ ఉపాయం చెల్లలేదు, ఎందుకంటే అవి పట్టుపురుగులు పెంచే ఊళ్లు. మనుషులు పడుకొనే ఇంట్లోనే తట్టల్లో పురుగులు మల్బరీ ఆకు మేస్తుంటాయి, చంద్రికలనే వెదురు చట్రాల మీద గూళ్లు కడుతుంటాయి; దోమను చంపే మందు పట్టుపురుగునూ చంపుతుంది. ఇంట్లో మందు కొట్టనిస్తే ఆ పంట మొత్తం పోతుంది గనుక రైతులు వద్దన్నారు, వాళ్లు వద్దనడం న్యాయమే. అప్పుడు 1990వ దశకంలో మలేరియా పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు గోడలను వదిలి బావుల వైపు చూశారు. దోమ లార్వాలను తినే గప్పీ, గాంబూసియా చేపలను బావుల్లో, కుంటల్లో వదిలారు. గప్పీ అర అంగుళం నుంచి రెండున్నర అంగుళాల లోపు పొడవుండే చేప. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలను కంటుంది, కాస్త మలినమైన నీటిలోనూ బతుకుతుంది, తన సంతతిని తానే నిలుపుకొంటుంది. ఒకసారి వదిలితే బావి ఎండిపోయేదాకా మళ్లీ ఖర్చు లేదు. 1928లో ఇటలీ నుంచి భారతదేశానికి తెచ్చిన గాంబూసియాకు దూకుడు ఎక్కువ, స్థానిక చేపల పిల్లలను కూడా తినేస్తుంది కనుక సహజమైన చెరువుల్లో దానిని వదలకూడదన్న అభిప్రాయం ఇప్పుడు బలపడింది. ఏమైనా, రైతు జీవనాధారాన్ని దెబ్బతీయకుండా రోగాన్ని అదుపు చేయవచ్చని ఆ పట్టు పల్లెల అనుభవం చూపింది.

ఆ తరువాతి కాలంలో బావులు ఎండాయి, బోర్లు లోతెక్కాయి, ఊరి నీరు ఇంటింటి పాత్రల్లోకి చేరింది. ఇక్కడే ఈడిస్ కథ మొదలవుతుంది.

కేజీఎఫ్‌లో గని కంపెనీల కాలం నుంచీ ఇరుకైన గదుల వరుసలుగా కట్టిన కార్మికుల ఇళ్లను ‘లైన్లు’ అంటారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో పాలారు మీది బేతమంగళ చెరువు నుంచి గనులకు, లైన్లకు నీరు పంపు చేసే ఏర్పాటు జరిగింది. 2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడడంతో, గనిని నమ్ముకొని సాగిన ఊరి జీవితమంతా తలకిందులైంది. నేడు రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీధుల్లోనూ, లైన్లలోనూ ఇంటి ముందు వరుసగా నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు కనిపిస్తాయి. కొళాయి నీరో ట్యాంకరు నీరో వారానికో పది రోజులకో ఒకసారి వచ్చే చోట ఆ డ్రమ్మే ఇంటికి చెరువు.

ఆ డ్రమ్ము లోపలి గోడను దగ్గరగా చూడాలి. ఈడిస్ ఆడదోమ నీటిలో గుడ్లు పెట్టదు. నీటి మట్టానికి కొంచెం పైన, చెమ్మగా ఉన్న గోడ మీద ఒక్కొక్కటిగా అంటిస్తుంది. ఒక విడతకు నూరు వరకు ఉండే ఆ గుడ్లన్నిటినీ ఒకే పాత్రలో పెట్టక, నాలుగైదు పాత్రల్లో పంచి పెట్టడం దాని అలవాటు. పెట్టినప్పుడు తెల్లగా ఉన్న గుడ్డు కొద్ది గంటల్లో నల్లబడి, ఆవగింజ కంటే చిన్నదై, గోడకు పట్టిన మసి చుక్కలా కనిపిస్తుంది. ఆ గుడ్లు పూర్తిగా ఎండినా నెలల తరబడి చావవు. రోజూ వాడుతుంటే డ్రమ్ములో నీరు దిగిపోతుంది, గుడ్ల వలయం గోడ మీద పొడిగా మిగిలిపోతుంది. అడుగున జానెడు నీరుండగానే ట్యాంకరు వస్తుంది. నీళ్లకు కటకటగా ఉన్న ఇంట్లో ఆ జానెడు నీటిని పారబోసి డ్రమ్ము కడిగే తీరిక గాని, ధైర్యం గాని ఎవరికీ ఉండదు. ఉన్న నీటి మీదనే కొత్త నీరు పోస్తారు. నీటి మట్టం పైకి లేచి గుడ్ల వలయాన్ని ముంచగానే అవి పొదిగి లార్వాలు బయటపడతాయి. మరో వారం, పది రోజులకు మళ్లీ ట్యాంకరు వచ్చేసరికి ఆ లార్వాలు రెక్కలు తొడుక్కొని ఎగిరిపోయి ఉంటాయి. ఒక విధంగా చెప్పాలంటే ఈ వీధుల్లో దోమల పంచాంగాన్ని వాన కాదు, ట్యాంకరే రాస్తోంది. వాన చుక్క పడని ఫాల్గుణ చైత్రాల్లో కూడా ఇక్కడ డెంగీ జ్వరాలు కనిపించడానికి ఇది ముఖ్య కారణం. వానాకాలంలో వీటికి తోడు టైర్లు, కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు, వాడని రోళ్లు చేరతాయి.

పుట్టిన దోమ ఎంత దూరం పోతుంది? ఈడిస్ ఎక్కువ దూరం ఎగరలేని దోమ. అన్నీ ఒకచోట దొరికినప్పుడు నూరు, రెండు నూర్ల మీటర్ల పరిధి దాటి పోవలసిన అవసరమే దానికి ఉండదు. పుట్టిన ఇంట్లోనో పక్కింట్లోనో మంచం కింద, తగిలించిన బట్టల వెనుక, మసక చోట్ల కాలం గడుపుతుంది. అయినా జ్వరం వీధి నుంచి వీధికి, ఊరి నుంచి ఊరికి దాటుతుందంటే దాన్ని మోస్తున్నది దోమ రెక్కలు కాదు, మనిషి కాళ్లు. వైరస్ సోకిన మనిషి రక్తంలో జ్వరం రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది దోమకు అంటేంత పరిమాణంలో ఉంటుంది. ప్రపంచంలో ఏటా సుమారు 39 కోట్ల మందికి డెంగీ సోకుతుందని, వారిలో 9.6 కోట్ల మందిలోనే లక్షణాలు బయటపడతాయని 2013లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అంచనా చెప్పింది. అంటే రోగమని తెలియకుండానే దానిని మోస్తూ తిరిగే వారే ఎక్కువ. గనులు మూతపడిన తర్వాత కేజీఎఫ్ నుంచి వేలాది మంది పనుల కోసం మారికుప్పం రైళ్లలో తెల్లవారకముందే బెంగళూరుకు బయలుదేరి రాత్రికి తిరిగి వస్తారు. బెంగళూరులో పగటివేళ ఈడిస్ కుట్టిన కూలీ కొద్ది రోజులకు తన లైనులోని దోమకు ఆ వైరస్‌ను అందిస్తాడు. ఆ దోమ కడుపు నుంచి లాలాజల గ్రంథుల వరకు వైరస్ చేరడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఆ పైన అది బతికినన్నాళ్లూ కుట్టిన వారికల్లా వైరస్‌ను ఎక్కిస్తూనే ఉంటుంది. ఈడిస్‌కు ఇంకొక గుణం ఉంది: కుడుతుండగా కొంచెం కదిలించినా ఎగిరి మరొకరి మీద వాలుతుంది. ఒకే ఇంట్లో ముగ్గురు, నలుగురు ఒకే వారంలో మంచం పట్టడం అందువల్లనే.

మనిషి కాళ్ల మీద, దోమ రెక్కల మీద సాగే ఈ రెండంచెల ప్రయాణం ఎంత వేగంగా సాగగలదో 2006లో చికున్‌గన్యా చూపింది. ముప్పై ఏళ్లకు పైగా దేశంలో కనబడని ఆ వ్యాధి 2005 చివర్లో పొరుగున ఉన్న అనంతపురం, కడప జిల్లాల్లో మొదలై, మరుసటి ఏడాది కర్ణాటకలోకి వరదలా వచ్చింది. ఆ ఏడాది దేశం మొత్తం మీద నమోదైన 13 లక్షలకు పైగా అనుమానిత కేసుల్లో సగానికి పైగా కర్ణాటకవే. రాయలసీమ గాని, కోలారు సీమ గాని నీటికి మొహం వాచిన ప్రాంతాలే కావడం, ఇంటింటా నీటి నిల్వలుండడం యాదృచ్ఛికం కాదు.

కన్నడ కథకు పితామహుడని పేరున్న మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటిపేరుగా లోకానికి తెలిసిన మాస్తి, మాలూరు తాలూకాలో తమిళనాడు సరిహద్దు దాపున, హోబళి అనే రెవెన్యూ విభాగానికి కేంద్రంగా ఉన్న ఊరు. తెలుగు, కన్నడం, తమిళం కలగలిసి వినిపించే నేల. పల్లెకు, పట్టణానికి నడుమ ఉన్న ఇటువంటి ఊళ్లలో పాత నీళ్లూ కొత్త నీళ్లూ పక్కపక్కనే ఉంటాయి. పాడి ఉన్న ఇంటి ముందు కుడితి తొట్టి, కొత్తగా కట్టిన మిద్దె కింద నీటి సంపు, మిద్దె మీద మూత సరిగా లేని ట్యాంకు, పొలంలో ప్లాస్టిక్ పట్టా పరిచిన కృషి హొండ అనే నీటికుంట, పెంకులకు ఇటుకలకు పేరుబడిన మాలూరు తాలూకాలో మట్టి తీసి వదిలిన గుంటలు, ఇవన్నీ ఒక్కో జాతి దోమకు ఒక్కో ఇల్లు. పట్టణాల్లో మలేరియాను మోసే ఎనాఫిలిస్ స్టీఫెన్సై మిద్దె మీది ట్యాంకులకు, కట్టడం పనుల కోసం నిలిపిన నీటికి బాగా అలవాటుపడిన దోమ. దక్షిణాసియాకు చెందిన ఈ జాతి 2012లో జిబూటీలో కనిపించి, ఆఫ్రికా నగరాలకు కొత్త ముప్పుగా మారిందంటే మిద్దె ట్యాంకు మూతకు ఎంత విలువ ఉందో ఊహించవచ్చు. 2018 నుంచి కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. నిండిన చెరువు నడిమి నీటిలో అలలకు, చేపలకు దోమలు నిలవలేవు; గుర్రపుడెక్క కమ్మిన అంచుల్లోనే అవి పెరుగుతాయి. అందువల్ల చెరువు నిండడాన్ని చూసి భయపడనక్కరలేదు, దాని అంచులను శుభ్రంగా ఉంచితే చాలు.

నివారణ విషయంలో ఒక పాత సంఘటన బెంగళూరుకు చెందినదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్, అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1883లో, బెంగళూరు దండులో వైద్యుడిగా ఉన్నాడు. తన బంగళా పక్కనున్న తొట్టిలో దోమ పురుగులు కదలడం చూసి, ఆ నీటిని ఒలికించగానే ఇంట్లో దోమలు తగ్గడం గమనించాడు. దోమ ఏ రోగాన్ని మోస్తుందో తెలియకముందే దానిని తగ్గించే దారి ఆ విధంగా కంటబడింది. నూట నలభై ఏళ్ల తరువాత కూడా డెంగీ విషయంలో అంతకు మించిన ఆయుధం లేదు. వీధిలో వదిలే పొగ ఆ క్షణాన ఎగురుతున్న దోమలను చంపుతుంది గాని, ఇంట్లో బట్టల వెనుక దాగిన ఈడిస్‌ను, డ్రమ్ములోని లార్వాను, గోడ మీది గుడ్డును తాకదు. కంటికి కనిపిస్తుంది కనుక జనం పొగనే కోరుతారు, అధికారులు దానినే పంపుతారు. తాగునీటిలో వాడదగిన మోతాదులో వేసే టెమీఫాస్ మందు లార్వాలను చంపుతుంది, అయితే డ్రమ్ము ఖాళీ అయి నిండిన కొద్దీ దాని బలం తరుగుతుంది. ఈడిస్ కణాల్లో వోల్బాకియా అనే సూక్ష్మజీవిని ప్రవేశపెడితే డెంగీ వైరస్ అందులో సరిగా పెరగలేదు; ఇండొనేసియాలోని యోగ్యకర్తాలో జరిగిన పరీక్షలో ఈ పద్ధతి డెంగీని 77 శాతం తగ్గించినట్లు 2021లో ప్రచురించారు. పుదుచ్చేరిలోని పరిశోధన కేంద్రం కూడా అటువంటి దోమలను తయారుచేసింది, కాని అవి కోలారు వీధులకు చేరేదాకా డ్రమ్ములు ఆగవు.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, లార్వాలున్న ఇళ్లు నూటికి ఎన్నో లెక్కించే ‘ఇళ్ల సూచిక’ను, నూరిళ్లకు లార్వాలున్న పాత్రలెన్నో చెప్పే ‘బ్రెటో సూచిక’ను తయారుచేస్తారు. ఈ అంకెలు ఉపయోగపడేవే గాని, ఒక లోపం వాటిలో ఉంది: నాలుగు లార్వాలున్న కొబ్బరి చిప్పనూ, నాలుగు వందలున్న డ్రమ్మునూ అవి ఒకే లెక్కలో వేస్తాయి. ప్యూపాలను లెక్కించి చూసినప్పుడు చాలా ఊళ్లలో వీధిలోని దోమల్లో అధిక భాగం కొద్దిపాటి పెద్ద పాత్రల నుంచే వస్తున్నట్లు తేలింది. కోలారు వంటి చోట ఆ పాత్ర డ్రమ్మో, సంపో, సిమెంటు తొట్టో అవుతుంది. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధుల నిబంధనల కిందికి తెచ్చి, దోమలు పుట్టే నీటిని నిలిపిన ఇళ్లకు పట్టణాల్లో 400 రూపాయలు, పల్లెల్లో 200 రూపాయల జరిమానా పెట్టింది. కట్టడపు పనులు చేయించే వారి మీద, నీటిని నిలవనిచ్చిన వాణిజ్య సంస్థల మీద జరిమానా సబబే. కాని పది రోజులకొకసారి నీరిచ్చే వీధిలో డ్రమ్ము నింపుకొన్న గృహిణి చేసినది తప్పు కాదు, బతుకు అవసరం. ఆ వీధికి రోజూ ఒక గంట కొళాయి నీరివ్వడం ఏ మందు కంటే, ఏ జరిమానా కంటే గట్టి దోమల నివారణ. డెంగీని ఆరోగ్య శాఖ లెక్కల్లోనే కాక నీటి సరఫరా శాఖ లెక్కల్లో కూడా రాయవలసిన కాలం వచ్చింది.

ఆ కొళాయి వచ్చేదాకా ప్రతి ఇల్లూ చేయగలిగిన పని ఒకటుంది. ట్యాంకరు వచ్చే రోజున, కొత్త నీరు పట్టక ముందే, అడుగున మిగిలిన నీటిని బిందెల్లోకి వడకట్టుకొని, డ్రమ్ము లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్లు నీటి మట్టానికి పైన అంటుకొని ఉంటాయి కనుక, చేతికి అందినంత మేర పై అంచు దాకా రుద్దాలి. ఆ కడుగునీటిని కాలువలో కాక ఎండ తగిలే పొడి నేల మీద పారబోసి, నీరు నింపిన తర్వాత పాత పంచె గుడ్డను నీటికి తగలకుండా బిగువుగా కప్పి తాడుతో కట్టాలి.